రక్తం చూస్తే కళ్లు తిరిగే విద్యార్థిని, తొలి వార్డు పోస్టింగ్: ఒక కేస్ స్టడీ

బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్ చదువుతున్న పద్దెనిమిదేళ్ల అమ్మాయి. కోస్తా జిల్లాలోని ఒక పల్లె నుంచి వచ్చి కాలేజీ హాస్టల్లో ఉంటోంది. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం, తర్వాత ఇంటర్ బైపీసీ. వార్డు పోస్టింగులు, అంటే ఆసుపత్రి వార్డులో రోగుల దగ్గర చేసే శిక్షణ, ఇంకో మూడు వారాల్లో మొదలవుతాయనగా, ఫిజియాలజీ ప్రాక్టికల్లో బ్లడ్ గ్రూపు చూడటానికి పక్కనున్న అమ్మాయి వేలికి లాన్సెట్ (చిన్న సూది) గుచ్చుతుంటే చూసి స్పృహ తప్పి పడిపోయింది. ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి, "నేను చదవలేను నాన్నా, వచ్చి తీసుకెళ్లు" అని ఏడ్చింది. క్లాస్ టీచర్ ఆమెను నా దగ్గరకు పంపారు. నేను అదే కాలేజీలో మానసిక ఆరోగ్య నర్సింగ్ బోధిస్తాను, విద్యార్థుల కౌన్సెలింగ్ బాధ్యత కూడా నాదే. ఆమె అనుమతితో, ఆనవాళ్లు తెలియకుండా వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను.

ఏటా తొలి పోస్టింగుల ముందు ఇలాంటి పిల్లలు నా గదికి వస్తూనే ఉంటారు. చుట్టూ ఉన్నవాళ్లు వాళ్లకు చెప్పేవి రెండే మాటలు: "ధైర్యంగా ఉండు", "పోనుపోను అలవాటవుతుంది". ఆ మాటల్లో అభిమానం ఉంది గానీ చేతికి దొరికే ఉపాయం లేదు. ఈ అమ్మాయి విషయంలో భయం అన్న ఒక్క పేరు కింద వేర్వేరు స్వభావాలున్న ఇబ్బందులు కలగలిసి ఉన్నాయి. ఒకదానికి మేలు చేసే ఉపాయం మరొకదానికి కీడు చేస్తుంది. అందుకే వాటిని విడదీసి చూడటానికే ఎక్కువ సమయం పెట్టాను.

తొలి భేటీ

లోపలికి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఏమి ఇబ్బంది అని అడిగితే "భయం మేడమ్" అంది.

"దేనికమ్మా?"

"అన్నిటికీ."

ఈ జవాబు పట్టుకుని ఏమీ చేయలేం. ఒక తెల్లకాగితం ఇచ్చి, తొలిరోజు హాస్టల్ దగ్గర బస్సు ఎక్కినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా ఏమేమి జరుగుతుందని అనుకుంటోందో, కళ్లముందు ఏమి కనిపిస్తోందో, అంతా తెలుగులోనే రాయమన్నాను. భయపడేవాళ్లను మాటలతో అడిగితే ముక్తసరిగా చెబుతారు. అదే కాగితం మీద రాయమంటే దృశ్యం బయటికి వస్తుంది. ఆమె రాసిన వాక్యాల్లో కొన్ని ఇవి.

"పేషెంట్ చేతి నుంచి రక్తం వస్తూ ఉంటుంది. నాకు కళ్లు తిరుగుతాయి. అందరి ముందూ పడిపోతాను. వీడియో తీస్తారు."

"బీపీ చూడమంటారు. నాకేమీ వినిపించదు. తప్పు రాస్తాను. నా వల్ల పేషెంటుకు ఏదో అవుతుంది."

"డాక్టర్ గారు ఇంగ్లీషులో అడుగుతారు. నోరు పెగలదు. బయటికి పొమ్మంటారు."

దాని కింద ఇంకో వాక్యం రాసి గట్టిగా కొట్టేసింది. ఏమని రాశావని అప్పుడు అడగలేదు. కొట్టేసిన వాక్యం ఒకటి ఉందని మాత్రం నా నోట్సులో రాసుకున్నాను.

చరిత్ర అడిగాను. పదేళ్ల వయసులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్షకు సూది గుచ్చినప్పుడు ఒకసారి పడిపోయింది. ఆ తర్వాత తమ్ముడి మోకాలు చీరుకుపోయినప్పుడు మరోసారి. వాళ్ల అమ్మ కూడా కోడి కోసే చోట నిలబడలేదట, కళ్లు తిరుగుతాయని పక్కింటికి వెళ్లిపోతుందట. ఈ ముక్క చాలా ముఖ్యం. రక్తం, గాయం, సూది చూస్తే పడిపోయే లక్షణం తరచుగా కుటుంబాల్లో నడుస్తుంది. కుక్కలంటే భయం, ఎత్తులంటే భయం ఉన్నవాళ్లు కళ్లు తిరిగి పడిపోవడం అరుదు. ఈ రకం భయంలో అది మామూలు.

ఆందోళనను కొలిచే జీఏడీ-7 ప్రశ్నావళిలో 21కి 11 వచ్చింది, అంటే మధ్యస్థాయి ఆందోళన. నిద్ర సరిగా లేదు. వారం రోజులుగా కడుపులో తిప్పుతోందని పొద్దున టిఫిను మానేస్తోంది. బతకడం మీద విరక్తి లాంటి ఆలోచనలు ఏమైనా వస్తున్నాయా అని సూటిగా అడిగాను, లేవంది. మొహమాటపడి ఈ ప్రశ్న అడగకుండా వదిలేయకూడదు. చదువు మానేస్తానన్న పిల్లను ఈ ఒక్క మాట అడగకుండా పంపించకూడదని నా పట్టుదల.

స్పృహ తప్పడాన్ని మానసికమని తేల్చే ముందు ఒంట్లో కారణం ఏదైనా ఉందేమో చూడాలి. ఫిజీషియన్ చూశారు. ఈసీజీ బాగుంది. పడుకున్నప్పుడు, నిలబడినప్పుడు చూసిన బీపీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. హిమోగ్లోబిన్ పరీక్ష రాశారు. రక్తం ఇవ్వడానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు. ఒత్తిడి చేయవద్దని, ఆ పరీక్షను చికిత్సలో ఒక మెట్టుగా వాడుకుంటామని ఫిజీషియన్‌కు చెప్పాను.

అంకెలు చెప్పిన సంగతి

సీనియర్ ఒకామె చెప్పిందని, ఫోనులో చూసిందని ఈ అమ్మాయి అప్పటికే ఒక సాధన మొదలుపెట్టింది. కళ్లు మూసుకుని, ఒళ్లంతా వదులు చేసి, నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం. రాత్రిపూట నిద్రకు అది పనికొస్తోందట. సూది గుర్తొచ్చినప్పుడు అదే చేస్తే మాత్రం ఇంకా తూలుతున్నట్టు ఉంటోందట. "నాకు అది కూడా చేతకావడం లేదు మేడమ్" అని బాధపడింది.

ఆమెకు చేతకాకపోవడం అందులో ఏమీ లేదు. అది చూపించడానికే తర్వాతి భేటీలో ఎడమ చేతికి డిజిటల్ బీపీ యంత్రం కట్టి, కాళ్లు చాపుకునే వీలున్న పరీక్ష మంచం మీద కూర్చోబెట్టాను. అంకెలు ఆమే చదివి ఆమే రాయాలి. ఏమీ చూపించకముందు 112/72, నాడి 86. సీలు విప్పని సిరంజి చేతికిస్తే 126/82, నాడి 108. గుండె దడదడలాడుతోందని చెప్పింది. ల్యాబ్ నుంచి తెచ్చిన రక్తం గొట్టాన్ని బల్ల మీద పెట్టాను. మొదట అంకెలు అలాగే ఉన్నాయి. కాసేపటికి ఆవులించింది, మళ్లీ ఆవులించింది. పై పెదవి మీద చెమట బొట్లు, మొహం తెల్లబారింది. చెవుల్లో హోరుగా ఉందంది. మీట నొక్కాను: 88/54, నాడి 56. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద దిండ్లు పెట్టి, యూనిఫాం బెల్టు వదులు చేశాను. రెండు నిమిషాల్లో రంగు తిరిగింది.

ఆ కాగితం ఆమె ముందే ఉంచి మాట్లాడాను. ఈ రకం భయం రెండు అంచెల్లో నడుస్తుంది. మొదట నాడి, బీపీ పెరుగుతాయి. తర్వాత ఒక్కసారిగా పడిపోతాయి. మెదడుకు చేరే రక్తం తగ్గి స్పృహ తప్పుతుంది. మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ అనే నరం ప్రేరేపించే ఈ ప్రతిచర్య మీద మనిషి ధైర్యానికి అధికారం లేదు. బీపీ పడిపోబోతున్న సమయంలో ఒళ్లు ఇంకా వదులు చేస్తే అది ఇంకా పడిపోతుంది. ఆ సాధన ఆమెకు ఎదురు తిరగడానికి కారణం అదే.

ఆమె చాలాసేపు ఆ అంకెల వైపే చూసింది. "అయితే నాది పిరికితనం కాదా మేడమ్?" అని అడిగింది. కాదని చెప్పాను. పదేళ్ల వయసు నుంచి మోస్తున్న మాట అది. ఇంట్లోవాళ్లు, తోటివాళ్లు వేళాకోళానికి అన్నా లోపల గట్టిగా నాటుకుపోయింది. చికిత్సలో నేను అన్నిటికన్నా విలువైనదిగా చూసే ఘట్టం ఇదే. తన శరీరం ఏమి చేస్తోందో తెలిశాక మిగతా పని తేలికవుతుంది.

కండరాల బిగింపు

స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్-గోరన్ ఓస్ట్, ఆయన సహచరులు 1980లలో ఈ రకం భయానికి ఒక పద్ధతి రూపొందించారు. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను ఒకేసారి బిగించి పట్టి, మొహానికి వేడి ఎక్కుతున్నట్టు అనిపించేదాకా 10 నుంచి 15 సెకన్లు ఉంచాలి. ఆ తర్వాత మామూలు స్థితికి రావాలి, పూర్తిగా వాలిపోకూడదు. 20 నుంచి 30 సెకన్లు ఆగి మళ్లీ బిగించాలి. ఇలా ఐదుసార్లు చేస్తే ఒక విడత. ఊపిరి బిగబట్టకూడదు, చాలామంది పొరపాటు పడేది అక్కడే. చేసేది సులువు, దాని పని మాత్రం చాలా స్పష్టం: పడిపోతున్న బీపీని పైకి లాగుతుంది.

గదిలోనే చేయించాను. ముందూ వెనకా బీపీ చూసి ఆమే రాసుకుంది. బిగించినప్పుడు అంకె పైకి రావడం తన కళ్లతో చూశాక ఇక నేను నమ్మించాల్సిన పని లేకపోయింది. రోజుకు కొన్ని విడతలు, హాస్టల్లో మంచం మీద, క్లాసులో బెంచీ మీద ఎవరికీ తెలియకుండా సాధన చేయమన్నాను. రెండో మెట్టు, ముందస్తు గుర్తులు పట్టుకోవడం. ఆమెకు మొదట వచ్చేది ఆవులింత. అది నిద్రవల్ల వచ్చే ఆవులింత కాదని, బిగించమని చెప్పే గంట అని నేర్చుకుంది.

తర్వాత మెట్లు కట్టుకున్నాం. ప్రతి మెట్టు దగ్గరా భయానికి వందకు ఎన్ని మార్కులు వేస్తుందో చెప్పాలి. మార్కుల లెక్క మన పిల్లలకు చిన్నప్పటి నుంచి అలవాటే కాబట్టి ఈ కొలత చక్కగా పట్టుబడుతుంది. సూది బొమ్మ 30, రక్తం గొట్టం 70, ఎదుట ఎవరికో రక్తం తీయడం చూడటం 85, తన చేతి నుంచి రక్తం ఇవ్వడం 95. ఒక్కో మెట్టులో బిగిస్తూ చూడాలి, మార్కులు సగానికి దిగేదాకా అక్కడే ఉండాలి, ఆ తర్వాతే పైమెట్టు.

రక్తపరీక్షను పడుకోబెట్టే చేయించాం. సూది గుచ్చే చేతిని వదులుగా ఉంచి రెండో చేతిని, కాళ్లను బిగించాలి. గుచ్చే చేయి బిగిస్తే నొప్పి ఎక్కువ. ల్యాబ్ టెక్నీషియన్ ఓపికమంతుడు, ఆమె "సరే అన్నా" అనేదాకా ఆగాడు. పడిపోలేదు. కళ్లు మూసుకోకుండా గొట్టంలోకి రక్తం రావడం చూసింది కూడా. హిమోగ్లోబిన్ 11.1 వచ్చింది. గర్భిణులు కాని స్త్రీలకు 12 ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి ఈ అంకె నాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఫిజీషియన్ ఐరన్ మాత్రలు రాశారు. ఆమె స్పృహ తప్పడానికి రక్తహీనత కారణమని నేననుకోవడం లేదు. అయినా నీరసం మీద నీరసం ఎందుకు?

వినిపించని బీపీ

రెండో భయానికి చికిత్స చేయాల్సింది స్కిల్ ల్యాబులో. చేయడం రాని పని గురించి భయపడటం సహజం. పని వస్తే ఆ భయానికి సగం ఆధారం పోతుంది.

ముందుగా ఒక విషయం తేల్చాను. తొలి పోస్టింగులో తనను ఏమి చేయమంటారని అనుకుంటోంది? ఇంజెక్షన్లు, సెలైన్ పెట్టడం, డ్రెస్సింగు అని వరసగా చెప్పింది. 2021-22 విద్యా సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సెమిస్టర్ పాఠ్యప్రణాళికలో మందులు ఇవ్వడం రెండో సెమిస్టర్ నర్సింగ్ ఫౌండేషన్ పాఠం. మొదటి సెమిస్టర్‌లో చేయాల్సినవి పడక సర్దడం, రోగిని వార్డులో చేర్చుకోవడం, టెంపరేచర్, నాడి, శ్వాస, బీపీ చూడటం, రోగితో మాట్లాడటం, రాయడం. సిలబస్ పుస్తకం తీసి ఆమె చేతే చదివించాను. అడగని పనుల గురించి రాత్రుళ్లు నిద్ర మానుకుంటోందన్న మాట. చాలా కాలేజీల్లో పోస్టింగ్ షెడ్యూలు నోటీసు బోర్డు మీద పెడతారు గానీ, ఆ రోజు ఏ పని అప్పజెబుతారు, ఏ పని అప్పజెప్పరు అన్నది విడమరచి చెప్పరు. ఒక్క అరగంట కేటాయించి చెబితే ఎంతమంది పిల్లలకు ఉపశమనం!

ఇక బీపీ. శబ్దం వినిపించదన్న మాట నిజమేనా అని చూశాను. నిజమే, కారణాలు మాత్రం చెవిలో లేవు. స్టెతస్కోపు ఇయర్‌పీసులు ముక్కు వైపుకు వంగి ఉండాలి, ఆమె తిరగేసి పెట్టుకుంటోంది. మోచేతి మడతలో చిటికెన వేలి వైపున్న బ్రేకియల్ ధమనిని వేళ్లతో వెతకకుండా, మడత మధ్యలో అందాజుగా ఆనిస్తోంది. కంగారులో గాలి ఒక్కసారిగా వదిలేస్తోంది, ముల్లు జారిపోతోంది. ముందు మణికట్టు నాడి మీద వేళ్లుంచి, అది ఆగిపోయే అంకె చూసి, దానికన్నా ఇంకో 30 ఎక్కువ దాకా గాలి నింపి, సెకనుకు 2, 3 మిల్లీమీటర్ల చొప్పున వదలాలి. రెండు జతల ఇయర్‌పీసులున్న బోధన స్టెతస్కోపుతో ఇద్దరం ఒకే చేతిని విన్నాం. మొదటి టక్కుమన్న శబ్దం వినిపించగానే ఆమె వేలు ఎత్తింది, నేనూ ఎత్తాను. రెండూ ఒకే అంకె దగ్గర. ఆ రోజు ఆమె మొహంలో వెలుగు చూడాలి.

వినిపించనప్పుడు ఏమి చేస్తావు అని అడిగాను. కాసేపు నసిగి, సీనియర్లు 120/80 రాసేయమన్నారంది. ఈ మాట దగ్గర నేను గట్టిగా ఉంటాను. తిట్లు పడతాయన్న భయంతో నింపిన అంకె మీద ఆధారపడి డాక్టర్ మందు మారుస్తారు, లేదా మార్చాల్సిన మందు మార్చరు. విద్యార్థి చేయగల నిజమైన హాని ఇలాంటి చోటే ఉంది. అందుకని ఒక వాక్యాన్ని పాత్రలు కట్టి మరీ సాధన చేయించాను: "సిస్టర్, నాకు సరిగా వినిపించలేదు, మీరు ఒకసారి చూస్తారా?" నేను విసుక్కునే హెడ్ నర్సునయ్యాను, తొందరలో ఉన్న స్టాఫ్ నర్సునయ్యాను. "ఇంతకాలం ఏమి నేర్చుకున్నావు?" అని కసిరాను కూడా. ఆమె తల వంచకుండా, గొంతు వణికినా సరే, ఆ వాక్యాన్ని మళ్లీ చెప్పాలి. మొదట మాట మింగేసింది. తర్వాత తర్వాత నిలబడి చెప్పగలిగింది. తెలియదని సకాలంలో చెప్పగలగడం కూడా నర్సు నేర్చుకోవలసిన నైపుణ్యమే, బీపీ చూడటం లాగే.

ఇంగ్లీషు భయం గురించి ఎక్కువ చెప్పేది లేదు. కేస్ షీటులో వాడే మాటలు, డాక్టర్లు రౌండ్లలో అడిగే మామూలు ప్రశ్నలు ఒక చిన్న పుస్తకంలో రాసుకుంది. "వంద దాటి జ్వరం ఉంది సార్, రాత్రి రెండుసార్లు వాంతి అయిందట" అని తెలుగులో చెప్పినా ఏ డాక్టరూ బయటికి పొమ్మనరు. రోగి దగ్గర మాత్రం ఆమెదే పైచేయి. పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ చెప్పే బాధ ఆమెకు ఇట్టే అర్థమవుతుంది.

కొట్టేసిన వాక్యం

నాడి చూడటం సాధన చేస్తున్న రోజు ఆమే ఎత్తింది. "మగవాళ్లను కూడా ముట్టుకోవాలి కదా మేడమ్" అని, తల దించుకునే ఉంది. కాగితం మీద కొట్టేసింది అదే. ఇంట్లో తండ్రి, తమ్ముడు తప్ప మగవాళ్లతో మాట్లాడి ఎరుగదు. రేపు మేల్ వార్డులో స్పంజ్ బాత్ (మంచం మీదే తడిగుడ్డతో ఒళ్లు తుడవడం) చేయించమంటారేమోనని ఆమె బెంగ. నాకు తెలిసి మన పిల్లల్లో చాలామందికి ఈ బెంగ ఉంటుంది, చెప్పేవాళ్లు తక్కువ. అడిగితే సిగ్గులేనిదాన్నని అనుకుంటారని వాళ్ల భయం. బోధించేవాళ్లమే ముందు నోరు విప్పాలి.

పని ఎలా చేస్తారో చెప్పాను. ముందు చుట్టూ తెర లాగాలి. ముట్టుకునే ముందు ఏమి చేయబోతున్నామో రోగికి చెప్పి, ఆయన సరేనన్నాకే చేయి వేయాలి. ఒళ్లు తుడిచేటప్పుడు తుడుస్తున్న భాగం మాత్రమే తెరిచి మిగతాది దుప్పటితో కప్పి ఉంచాలి. చేతులు కదపగలిగిన రోగికైతే మర్మావయవాలు తానే తుడుచుకునేలా తడిగుడ్డ ఆయన చేతికే ఇచ్చి పక్కకు తిరగాలి. "తాతగారూ, ఇటు కొంచెం తిరగండి" అని వరస కలిపి పిలిస్తే ఆయనకూ సంకోచం తగ్గుతుంది, మనకూ తగ్గుతుంది. ఎవరైనా అసభ్యంగా మాట్లాడినా, చేయి వేసినా వెంటనే పని ఆపి పక్కకు వచ్చి ట్యూటర్‌కో సిస్టర్‌కో చెప్పాలి. సేవ పేరుతో అది భరించాల్సిన అవసరం ఎవరికీ లేదు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం కాలేజీలోనూ ఆసుపత్రిలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. మా కమిటీ సభ్యులు ఎవరో, ఏ గదిలో ఉంటారో చూపించి వచ్చాను. డమ్మీ మీద స్పంజ్ బాత్ చేయించాను కూడా. ఇబ్బంది పూర్తిగా పోలేదని ఆమె చెప్పింది. పోవాలని నేను ఆశించలేదు. ఆ పనికో పద్ధతి ఉందని, తన మర్యాదకూ రోగి మర్యాదకూ అందులో చోటుందని తెలిసింది.

పోస్టింగు ముందు రోజులు

ఈ భాగం చిన్నదే గానీ దీన్ని వదిలేస్తే మిగతా కష్టమంతా వృథా అవుతుంది. ఉదయం డ్యూటీకి హాస్టల్ నుంచి తెల్లవారుతూనే బయల్దేరాలి. హడావుడిలో పిల్లలు టిఫిను మానేస్తారు. బాత్రూముకు వెళ్లే వీలుండదని నీళ్లు తాగరు. ఫ్యాను గాలి తగలని మూలన, మోకాళ్లు బిగదీసుకుని గంటలు గంటలు నిలబడతారు. ఇవన్నీ స్పృహ తప్పడానికి ఆహ్వానాలే. రెండు ఇడ్లీలైనా తినాలి. ఉప్పు వేసిన మజ్జిగ సీసా సంచిలో ఉండాలి. నిలబడినప్పుడు మడమలు ఎత్తి దించుతూ పిక్కలను కదపాలి. తూలుతున్నట్టు అనిపిస్తే సిగ్గుపడకుండా కూర్చోవాలి, లేదా పడుకోవాలి. స్నేహితురాలు ఒకరికి విషయం చెప్పి పెట్టుకోమన్నాను. పడిపోతే లేపి కుర్చీలో కూర్చోబెట్టకూడదని, వెల్లకిలా ఉంచి కాళ్లు ఎత్తాలని, పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో నీళ్లు పోయకూడదని ఆ స్నేహితురాలికి నేర్పాను. ప్రాక్టికల్లో పడిపోయినప్పుడు జరిగింది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

రాత్రి నిద్రకు ఆమె పాత శ్వాస సాధననే ఉంచాను. మంచం మీద పడుకుని చేస్తే ప్రమాదం లేదు, ఆమెకు మేలే చేస్తోంది. హాస్టల్లో అర్ధరాత్రి గుబులు పుడితే మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇచ్చాను, తెలుగులో మాట్లాడతారు.

ఎవరికి చెప్పాలన్నది ఆమెనే అడిగాను. వార్డు ట్యూటర్‌కు చెప్పడానికి ఒప్పుకుంది, క్లాసుకు వద్దంది. అలాగే చేశాం.

వార్డులో

ఫీమేల్ మెడికల్ వార్డు. మొదటి గంట పడకలు సర్దడంతో గడిచింది. దుప్పటి మూలలు మడవడంలో చేతులు కుదుటపడ్డాయి. తర్వాత ఒక పెద్దావిడకు వైటల్స్, అంటే నాడి, శ్వాస, బీపీ లాంటివి, చూడమన్నారు. నాడి, శ్వాస రాసింది. బీపీ దగ్గర మొదటి శబ్దం వినిపించింది, శబ్దం ఆగిన చోటు తెలియలేదు. స్టాఫ్ నర్సు దగ్గరకు వెళ్లి సాధన చేసిన వాక్యం చెప్పింది. కసురుతారనుకున్న ఆ సిస్టర్ వచ్చి పక్కన నిలబడి, "ఆవిడ చేయి సన్నం, చిన్న కఫ్ తీసుకురా" అంది. చేతికి చుట్టే ఆ పట్టీ మారిస్తే శబ్దం ఆగిన చోటు కూడా చిక్కింది.

మధ్యాహ్నానికి దగ్గరలో పక్క మంచం మీది రోగికి కాన్యులా (సెలైన్ కోసం నరంలో పెట్టిన సన్నని గొట్టం) తీస్తుంటే రక్తం కారి దుప్పటి మీద పడింది. ఆవులింత వచ్చిందట. గోడకు ఆనుకుని కాళ్లు, చేతులు బిగించింది. చెవుల్లో హోరు మొదలైంది గానీ పెరగలేదు. మంచం పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని ఇంకో రెండుసార్లు బిగించింది. పడిపోలేదు. లేచాక ఆ దుప్పటి మార్చడానికి గ్లౌజులు వేసుకుని తనే వెళ్లిందని ట్యూటర్ చెప్పారు. ఆ సాయంత్రం ఎదుటివాళ్ల రక్తం చూడటానికి ఆమె వేసిన మార్కులు 45. మొదట్లో 85. పోస్టింగు చివర్లో జీఏడీ-7 మళ్లీ నింపింది, 5 వచ్చింది.

నా పరిశీలన

రక్తానికి భయపడేవాళ్లు ఈ వృత్తికి పనికిరారని కొందరు అనుభవజ్ఞులు కూడా అంటారు. నేను ఒప్పుకోను. ఇది కొలవగలిగిన శారీరక ప్రతిచర్య, దానికి పరీక్షకు నిలిచిన సాధన ఉంది, తక్కువ సమయంలో నేర్పవచ్చు. ఆ సాధన నేర్పకుండా పిల్లను ఇంటికి పంపిస్తే ఆ నష్టం రోగులది కూడా. అలాగని అందరికీ కండరాల బిగింపే మందు అనడం లేదు. చేతులు వణికి, నాడి పరుగెత్తి, నోరెండి, కళ్లు మాత్రం తిరగని పిల్లలకు నెమ్మదైన శ్వాస, ముఖ్యంగా నిదానంగా వదలడం, బాగా పనిచేస్తుంది. వాళ్లు బిగిస్తే దడ ఇంకా పెరుగుతుంది. అందుకే నా దగ్గరకు వచ్చిన ప్రతి విద్యార్థినీ ముందుగా అడిగేది ఇది: "ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయావా?" అవునంటే ఒక దారి, కాదంటే మరో దారి. పోస్టింగుకు ముందు బ్యాచ్ మొత్తాన్ని ఈ ప్రశ్న అడిగే ఏర్పాటు చేయమని ప్రిన్సిపాల్‌ను కోరాను, ఒప్పుకున్నారు.

ఈ కేసుకు ఉన్న పరిమితి కూడా చెప్పాలి. ఆమె ఇంతవరకు చూసింది మెడికల్ వార్డు మాత్రమే. పెద్ద గాయాలు, డ్రెయిన్లు (గాయం నుంచి ద్రవాన్ని బయటికి తీసే గొట్టాలు), కుట్లు చూడలేదు. ఇలాంటి ప్రతిచర్య సాధన ఆపితే తిరిగి రావచ్చు.

తర్వాతి ప్రణాళిక ఇలా ఉంది. రెండో సెమిస్టర్‌లో డమ్మీ చేయి మీద ఇంజెక్షన్ సాధన మొదలయ్యేటప్పుడు ఒకసారి కలవాలి. సూదికి మళ్లీ మూత పెట్టకూడదు, నేరుగా తెల్లటి షార్ప్స్ (సూదుల్లాంటి పదునైన వ్యర్థాల) డబ్బాలో వేయాలి, గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి వెంటనే చెప్పాలి అన్న మూడింటినీ అప్పుడే చేతికి అలవాటు చేయించాలి. హెపటైటిస్ బి టీకా రెండు డోసులు అయ్యాయి, ఆరో నెల డోసు మిగిలి ఉంది. మూడో సెమిస్టర్‌లో సర్జికల్ వార్డుకు వెళ్లే ముందు వారం బిగింపు సాధనను రోజువారీగా తిరిగి మొదలుపెట్టాలి, తొలి డ్రెస్సింగును కూర్చుని చూసేలా ట్యూటర్‌తో మాట్లాడాలి. మూడు నెలలకు హిమోగ్లోబిన్ మళ్లీ చూడాలని ఫిజీషియన్ రాశారు. ఈసారి కూర్చునే రక్తం ఇస్తానని ఆమె అంటోంది. ఇంకోసారి పడుకునే ఇవ్వమని చెప్పాను.